గోదావరి దాటేటప్పుడు చేతిలో మిగిలిపోయిన రూపాయి: ప్రయాణంలోని చిన్న క్షణాలను మీరు ఎలా దాచుకుంటున్నారు?

నిడదవోలు ఆడపడుచు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఈ విషయం అడగాలా వద్దా అని పది రోజులుగా ఆలోచించి, చివరకు రాస్తున్నాను.

మా పుట్టిల్లు నిడదవోలు దగ్గర ఒక పల్లెటూరు. చిన్నతనంలో ప్రతి వేసవికీ అమ్మ మా అన్నదమ్ములనూ నన్నూ తుని దగ్గర ఉన్న అమ్మమ్మగారింటికి రైల్లో తీసుకువెళ్ళేది. కొవ్వూరు స్టేషను దాటగానే ఆమె కొంగుముడి విప్పి తలా ఒక చిల్లర నాణెం మా అరచేతుల్లో పెట్టేది. కిటికీ ఊచల మధ్యనుంచి చెయ్యి బయటకు చాచనిచ్చేది కాదు. మణికట్టు గట్టిగా పట్టుకొని, "వేళ్ళతో జారవిడు, దణ్ణం పెట్టుకో" అనేది. నాణెం ఇనుప దూలానికి తగిలి టంగుమని మోగితే, అది గోదారమ్మకు చేరలేదని ఇంకొకటి ఇచ్చేది. వంతెన దాటాక అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే కిటికీ ఊచల తుప్పు వాసన, చిల్లర వాసన కలిసి వచ్చేవి. ఆ వాసన నాకు ఇప్పటికీ తెలుసు.

కిందటి నెల మా అమ్మాయిని తీసుకొని సికింద్రాబాదు నుంచి విశాఖపట్నం వెళ్ళాను. దానికి తొమ్మిదేళ్ళు. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ రైలు ఎక్కాము. కొవ్వూరు దాటుతుండగా నా చెయ్యి తనంతట తానే పర్సులోకి వెళ్ళింది. రూపాయి తీసి దాని చేతిలో పెట్టి, మా అమ్మ చెప్పిన మాటలే చెప్పాను. అది నాణెం పట్టుకొని కిటికీ అద్దాన్ని ఒకసారి పైనుంచి కిందికి తడిమి, "ఎక్కడినుంచి వెయ్యాలమ్మా?" అని అడిగింది. ఆ అద్దం తెరుచుకోదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే నది అయిపోయింది. మూడు నాలుగు నిమిషాల్లో రాజమండ్రి స్టేషనులో ఉన్నాము. పిల్ల పిడికిలి బిగించుకొనే నిద్రపోయింది.

విశాఖలో కైలాసగిరి చూశాము, ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామి లోపలికి దిగాము, రుషికొండలో సముద్రస్నానం చేశాము. ఫోనులో రెండు వందలకు పైగా ఫొటోలు ఉన్నాయి. ఇంటికి వచ్చాక ఆ ప్రయాణం గురించి ఎవరు అడిగినా నా కళ్ళ ముందుకు వచ్చేది ఆ మూసిన పిడికిలి ఒక్కటే. దానికి ఫొటో లేదు.

చూడాలని వెళ్ళినవాటికన్నా దారిలో తటస్థపడిన చిన్న క్షణమే ప్రయాణమంతటికీ గుర్తుగా మిగలడం మీకు కూడా జరిగిందా? అటువంటివాటిని మీరు రాసుకుంటారా, పిల్లలకు చెబుతారా, లేక మనసులోనే ఉండనిస్తారా? నాణెం ఇచ్చి నేను మా అమ్మాయికి దాని సొంత జ్ఞాపకాన్ని కాకుండా నా జ్ఞాపకాన్నే అంటగట్టానేమో అన్న దిగులు కూడా ఒకటి ఉంది. మరొక చిన్న సందేహం: 1986 నుంచి 1992 వరకు మేము దాటిన వంతెన ఏది? ఇప్పుడు రైలు వెళ్ళిన వంతెన అది కాదని మాత్రం తెలుస్తోంది.

పట్టాల పక్కన:

అమ్మా, మీ చివరి సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే నేను కొవ్వూరు రైల్వే క్వార్టర్లలో పెరిగాను, మా నాన్నగారు పట్టాల మరమ్మతు పనిలో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నారు.

అక్కడ రైలు వంతెనలు మూడు. అన్నిటికన్నా పాతది 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన. రాతి స్తంభాల మీద 56 ఖానాలతో (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాన్ని ఖానా అంటారు), ఒకే లైనుతో ఉండేది. 1997లో దాని మీద రైళ్ళు ఆపివేశారు. రెండవది 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన. అందులో రైలు కింది అంతస్తులో, బస్సులూ లారీలూ పై అంతస్తులో వెళతాయి. మూడవది 1997లో హేవ్‌లాక్ స్థానంలో వచ్చిన ఆర్చి వంతెన. కాంక్రీటు విల్లులు వరుసగా కనిపించేది అదే. మీ చిన్నతనంలో మూడవది ఇంకా లేదు కనుక మీరు మొదటి రెండింటిలో ఒకదాని మీద వెళ్ళి ఉంటారు. పగటి ప్రయాణమైతే గుర్తు తెచ్చుకోండి: వంతెన మీదికి రాగానే పెట్టెలో మసక కమ్మి, తల మీద కప్పు ఉన్నట్టు అనిపించిందా? అయితే అది రోడ్డు నీడ, మీరు 1974 వంతెన మీద ఉన్నారు. ఎండ ఊచల మధ్యనుంచి తళుక్కు తళుక్కుమంటూ ఒడిలో పడుతూ వచ్చిందా? అయితే అది హేవ్‌లాక్.

మా నాన్నగారికి ఈ తేడా చెవులతోనే తెలిసేది. రాత్రి భోజనం చేస్తూ, చేతిలో ముద్ద అలాగే ఉంచుకొని, దూరంగా వంతెన ఎక్కిన రైలు చప్పుడు విని, "పాతదాని మీద వెళుతోంది" అనేవారు. ఇనుప వంతెన చప్పుడు బోలుగా, నీళ్ళ మీద దొర్లుతున్నట్టుగా ఉండేది. ఆర్చి వంతెన వచ్చాక ఆ చప్పుడు బాగా తగ్గింది. హేవ్‌లాక్ ఆపేసిన తరువాత కొన్ని నెలలపాటు నాన్నగారు రాత్రిళ్ళు మధ్యలో లేచి కూర్చొనేవారు. ఎందుకని అమ్మ అడిగితే, రావలసిన చప్పుడు రాలేదు కాబట్టి మెలకువ వచ్చిందని చెప్పారు. మా ఇంట్లో ఆ వంతెన గురించి మిగిలిన కథ ఇదొక్కటే. దాని పొడవు, ఖర్చు, కట్టిన ఇంజనీరు, వీటన్నిటినీ నేను తరువాత చదివి తెలుసుకున్నాను.

ఇక నాణెం సంగతి. రాగి నాణేలు వేస్తే నీరు శుభ్రపడుతుందని మా పెద్దలు చెప్పేవారు. ఇప్పటి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలుది. అది అయస్కాంతానికి అంటుకుంటుంది. అందుకే పుష్కరాల రేవు దగ్గర పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరి లాగుతుంటారు. ఒకసారి అలా లాగుతున్న కుర్రవాడి పక్కన మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. అయస్కాంతం పైకి వచ్చినప్పుడల్లా వాడు దానికి పట్టిన నల్లటి ఇనుప రజనును బొటనవేలితో తుడిచి, నాణేన్ని ముందు నిక్కరుకు రుద్ది, తరువాత కళ్ళకు అద్దుకొని జేబులో వేసుకొనేవాడు. ప్రతి నాణేనికీ అలాగే చేశాడు. ఎవరో మొక్కి వేసినది అని వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మీ అమ్మాయికి అద్దాల కిటికీలోనుంచి చేయగలిగిన పని ఒకటి ఉంది. ఆర్చి వంతెనకు ఒక్కొక్కటి సుమారు 97 మీటర్ల ఖానాలు 28 ఉన్నాయి. కిటికీ ముందునుంచి విల్లులు ఒకదాని తరువాత ఒకటి లేచి వంగి వెళుతుంటాయి. లెక్కపెట్టమనండి. మా అబ్బాయి ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇరవై ఆరనో ఇరవై ఏడనో తేల్చేవాడు, మధ్యలో ఎక్కడో నది వాడిని పట్టుకొని ఆపేసేది. మీ నాణెం మీ అమ్మది. లెక్క మీ అమ్మాయిది అవుతుంది.

వశిష్ఠ గట్టు:

నేను పదకొండు సంవత్సరాలు సఖినేటిపల్లి వైపునుంచి నర్సాపురంలోని బడికి రోజూ పంటు మీద రేవు దాటి వెళ్ళిన ఉపాధ్యాయురాలిని. మీరు చెప్పే ప్రయాణాలు సెలవులకు వెళ్ళేవి. నావి జీతం కోసం చేసినవి. అయినా చిన్న క్షణాల లెక్కకు వస్తే నా దగ్గరే ఎక్కువ ఉన్నాయని నమ్ముతున్నాను. రేవు దగ్గర మనిషి ఆగక తప్పదు, ఆగిన మనిషి చుట్టూ చూడకా తప్పదు.

చూడనివారి కోసం చెబుతాను. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. నర్సాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య ఉన్నది వశిష్ఠ. అది అక్కడినుంచి కొద్ది దూరంలోనే అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. పంటు అంటే రెండు పడవలను జతచేసి పైన చెక్కలు పరిచిన వేదిక. దాని మీదికి మోటారుసైకిళ్ళు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, మనుషులు అందరూ ఎక్కుతారు. సముద్రం దగ్గర కాబట్టి ఆటుపోట్లు రేవు దాకా వస్తాయి. పోటు మీద ఉన్నప్పుడు పంటు గట్టుకు సమంగా ఉండి, చీర కుచ్చిళ్ళు కూడా ఎత్తిపట్టకుండా దిగవచ్చు. నీరు తీసినప్పుడు పలక ఏటవాలుగా వాలి, బురదలో మెట్టు వెతుక్కోవలసి వస్తుంది. బడిగంట సమయం మారదు, నది సమయం రోజూ మారుతుంది. ఈ రెండింటి మధ్య నా ఉదయాలు గడిచాయి.

నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లికలు ప్రసిద్ధం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పనిని ఇక్కడి స్త్రీలు తమదిగా చేసుకున్నారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ లేసు అల్లే పెద్దావిడ ఒకరు వారంలో రెండు మూడు రోజులు నాతోపాటు పంటు ఎక్కేవారు. చెక్క బల్ల మీద కూర్చోగానే రొంటిన దోపిన గుడ్డసంచిలోనుంచి తెల్ల దారపు ఉండ, కొక్కెం ఉన్న సన్నని సూది తీసేవారు. ఉండను ఎడమకాలి మడమకూ బల్లకూ మధ్య నొక్కిపెట్టేవారు, పంటు ఊగినా దొర్లిపోకుండా. సరంగు ఇంజను తిప్పేసరికి మొదటి ముడి పడేది. నది మధ్యకు వచ్చేసరికి చిన్న చక్రం తయారయ్యేది, అవతలి రేవు పలక వేస్తున్న చప్పుడు వినబడేసరికి చుట్టూ రేకులు పూర్తయ్యేవి. దారం పంటితో తెంపి, పువ్వును మోకాలి మీద పరిచి బొటనవేలితో అదిమి చూసుకొని, సంచిలో వేసుకొని లేచేవారు. ఆవిడ రేవును నిమిషాల్లో చెప్పేవారు కాదు. "ఈరోజు ఎదురునీరు, పువ్వున్నర పట్టింది" అనేవారు.

ఒక వానాకాలం ఉదయం వరదనీరు ఎర్రగా దిగుతోంది. నది మధ్యలో ఇంజను ఆగిపోయింది. పంటు మెల్లగా సముద్రం వైపు జారడం మొదలైంది. ఎక్కువసేపు కాదు, కానీ ఎవరూ మాట్లాడలేదు. ఒక ఆటో అతను చేతులు జోడించాడు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ సూది ఆపలేదు, కానీ కుడిచెయ్యి పని చేస్తూ ఉండగానే ఎడమచేతి చిటికెనవేలు నా చీర కొంగును చుట్టి పట్టుకుంది. ఇంజను మళ్ళీ అందుకున్నాక వదిలింది. ఆ విషయం మేమిద్దరం తరువాత ఎప్పుడూ ప్రస్తావించుకోలేదు.

ఆ పువ్వు నా దగ్గర ఉంది, ఆవిడే ఇచ్చారు. ఒక రేకు మిగతావాటికన్నా బిగుతుగా ఉంటుంది. మీ ప్రశ్నకు నా జవాబు ఇది: నేను ఏమీ రాసుకోలేదు. రాయడం నాకు వచ్చిన పనే అయినా రాయలేదు. చేతికి తగిలే వస్తువు ఒకటి ఉంటే చాలని నాకు అనిపిస్తుంది. మీ అమ్మాయి పిడికిట్లోని రూపాయి ఇప్పుడు ఎక్కడ ఉందో కనుక్కోండి. ఖర్చయిపోయేలోపే కనుక్కోండి.

మెల్‌బోర్న్ నుంచి:

వశిష్ఠ గట్టు గారూ, మీ మాటలు చదివి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. నాది చిన్న జవాబు. వస్తువుకు బదులు నా దగ్గర ఒక శబ్దం ఉంది. ఆరేళ్ళ క్రితం తిరుగు ప్రయాణంలో నాన్నగారు నన్ను సామర్లకోట స్టేషనులో దిగబెట్టడానికి వచ్చారు. ప్లాట్‌ఫారం మీద ప్రకటనల గొంతు మా అబ్బాయికి వినిపిద్దామని ఫోనులో రికార్డు చేశాను. నలభై సెకన్లు ఉంటుంది. అందులో రైలు ఆలస్యం ప్రకటన, టీ అమ్మే అతని కేక, వాటి వెనకనుంచి నాన్నగారు "మంచినీళ్ళ సీసా పెట్టుకున్నావా, మూత బిగించావా" అని అడగడం ఉన్నాయి. ఆ తరువాతి ఏడాది ఆయన పోయారు. ఆయన ఫొటోలు ఇంట్లో చాలా ఉన్నాయి, వాటిలో ఆయన ఫొటోకోసం నిలబడ్డారు. ఆ నలభై సెకన్లలో మాత్రం ఆయన నన్ను రైలెక్కిస్తున్నారు. కాబట్టి ఫోను తీయడం తప్పని నేను అనలేను. దేనికోసం తీస్తున్నామో దానికన్నా వేరేది అందులో పడుతుంది, అంతే.

పాత పుస్తకాల అర:

రాసుకోవడం గురించి ఒక మాట చెప్పాలని ఉంది, ఎందుకంటే పై ఇద్దరి అనుభవాలనూ గౌరవిస్తూనే నేను రాయాలనే పక్షాన ఉన్నాను.

తెలుగులో యాత్రా రచనకు మొదటి పెద్ద ఉదాహరణగా మనం చెప్పుకొనేది ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలోని మాటలను మరొక భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న మద్రాసునుంచి బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, జగన్నాథం మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారిలో చూసినదాన్ని ఎప్పటికప్పుడు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి పంపుతూ వచ్చారు. పిళ్ళె గారు దాన్ని 1838లో అచ్చువేయించారు. కాశీకి వెళ్ళిన మనిషి పుస్తకం అంటే కాశీ మహిమే నిండి ఉంటుందని మొదటిసారి తెరిచినప్పుడు నేను అనుకున్నాను. తెరిస్తే, ఈ ఊరికి దారి రాతినేలా ఇసుకనేలా, బోయీలకు నడక కష్టమా సులువా, మజిలీలో అంగళ్ళు ఉన్నాయా లేవా, బావినీళ్ళు ఎలా ఉన్నాయి, నీడకు తోపు ఉందా, ఏ వాగు ఎంత లోతు, ఇటువంటివి పుటల కొద్దీ ఉన్నాయి. వెనక వచ్చే యాత్రికులకు ఉపయోగపడాలన్న తలంపు అందులో ఉండవచ్చు. నాకు మాత్రం ఆ వివరాల వెనక ఒక అలవాటు కనిపిస్తుంది: సాయంత్రం బస దొరికాక, అలసిన శరీరంతో కూర్చొని, ఆరోజు కాళ్ళకూ గొంతుకూ తెలిసినదాన్ని ఒక స్నేహితుడికి చెప్పడం. దాదాపు రెండు వందల సంవత్సరాల తరువాత ఒక మజిలీలో దొరికిన నీడ గురించి నేను చదువుతున్నాను. ఆ రోజు ఆయన బద్ధకించి ఉంటే ఆ చెట్లు నాకు లేవు.

నేను పాటించే పద్ధతి కూడా దాని నుంచి నేర్చుకున్నదే. ప్రయాణంలో రోజుకు ఒక్క పోస్టుకార్డు రాస్తాను. ఇంటి చిరునామాకు నాకు నేనే కాకుండా, మా చెల్లెలికి రాస్తాను. తనకు రాస్తున్నప్పుడు "అద్భుతంగా ఉంది" అని రాయలేను, ఎందుకంటే తను వెంటనే "ఏముంది అందులో?" అని అడిగే మనిషి. అందువల్ల చూసింది రాయవలసి వస్తుంది. మనకోసం మనం రాసుకొనే దినచర్యలో భావాలు ఎక్కువైపోతాయని, ఒక మనిషిని ఎదురుగా పెట్టుకొని రాస్తే వస్తువులు, మాటలు, వాసనలు వస్తాయని నా అనుభవం. మీరు పైన రాసినదే చూడండి. తుప్పు వాసన, కొంగుముడి, మణికట్టు మీద పట్టు, ఇవన్నీ మాకు చెప్పవలసి వచ్చింది కాబట్టే బయటికి వచ్చాయి. ఇంట్లో మనసులోనే ఉంచుకొని ఉంటే "చిన్నప్పుడు గోదావరి దాటేవాళ్ళం" అన్న ఒక్క వాక్యంగా మిగిలేవేమో.

వశిష్ఠ గట్టు గారూ, మీరు రాయలేదన్నారు. ఇప్పుడు రాశారు. చిటికెనవేలు సంగతి నేను మరచిపోలేను.

గిద్దలూరు వైపు:

నిడదవోలు ఆడపడుచు గారూ, మీ దిగులు గురించి ఎవరూ సూటిగా చెప్పలేదు కాబట్టి నేను ప్రయత్నిస్తాను. మన జ్ఞాపకాన్ని పిల్లలకు అంటగడుతున్నామా అన్నారు. నా జీవితంలో అతి ముఖ్యమైన ప్రయాణ క్షణం జరిగినప్పుడు మా అబ్బాయికి ఏడు నెలలు. వాడికి అది గుర్తుండే అవకాశమే లేదు. అయినా అది వాడిదే.

నంద్యాల నుంచి గుంటూరు వైపు రాత్రి రైలు. నంద్యాల దాటి గాజులపల్లి వచ్చాక రైలు నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. చలమ, దిగువమెట్ట దాటి గిద్దలూరు చేరేదాకా కిటికీ బయట దీపం అన్నది అరుదు. ఆరోజు పిల్లవాడికి జ్వరం, ఏడుపు ఆపడం లేదు. నేను ఒంటరిగా ఉన్నాను. పెట్టెలో అందరి నిద్రా చెడగొడుతున్నానన్న సిగ్గుతో తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. ఎదుటి బెర్తులోని నడివయసు స్త్రీ వచ్చి, ఏమీ అడగకుండా నన్ను చెయ్యి పట్టుకొని వెనక్కి తీసుకువచ్చి, తన సంచిలోనుంచి ఉతికిన పాత నేతచీర తీసి, రెండు ఎగువ బెర్తుల గొలుసులకూ ముడులు వేసి ఉయ్యాల కట్టారు. ముడి వేశాక తన మోచేతిని అందులో పెట్టి బరువంతా వేసి లాగి చూశారు, రెండుసార్లు చూశారు, ఆ తరువాతే పిల్లవాడిని పడుకోబెట్టారు. రైలు ఊపే ఉయ్యాలను ఊపింది. మేము ఎవరమూ తాకవలసిన అవసరం రాలేదు.

చలమలో ఎదురు బండి కోసం రైలు ఆగింది. ఆగగానే ఉయ్యాల కూడా ఆగింది, వాడు కదిలాడు. అప్పుడు పక్క బెర్తులోని ముసలాయన పడుకొనే కాలు చాచి, బొటనవేలితో చీర అంచును నెట్టడం మొదలుపెట్టారు. ఎదురు బండి రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆయన కాలు దించలేదు. గిద్దలూరులో టీ అమ్మే అతను ఎక్కి కేక వేయబోతుంటే, నిద్రపోతున్నారని నేను అనుకున్న నలుగురైదుగురు ఒక్కసారిగా చెయ్యెత్తి ఆపారు. అతను నోటి మీద వేలు వేసుకొని, గ్లాసులు చప్పుడు కాకుండా పట్టుకొని మా పెట్టె దాటాడు.

మా అబ్బాయికి ఇప్పుడు పదమూడేళ్ళు. ఈ సంగతి వాడికి ఎన్నోసార్లు చెప్పాను. ఈమధ్య మేము బస్సులో వెళుతుంటే, ముందు సీటులో ఏడుస్తున్న పసిబిడ్డ వైపు వాడు వంగి, తన మెడలోని ఈలను తీసి మెల్లగా ఊపుతూ చూపించాడు. నేను చెయ్యమన్న పని కాదది. కాబట్టి మీ నాణెం గురించి దిగులు పెట్టుకోకండి. ఇచ్చినది మీదే కావచ్చు, దాన్ని ఎలా వాడుకోవాలో పిల్లలు చూసుకుంటారు.

నిడదవోలు ఆడపడుచు (ప్రశ్న అడిగినవారు):

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ జవాబులన్నిటినీ మా అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. ఆమెకు చూపు తగ్గింది, వినడం ఇష్టం.

పట్టాల పక్కన గారూ, వంతెన ఏదో అమ్మ చెప్పింది. మేము వెళ్ళేటప్పుడు నీడ ఉండేదట, వచ్చేటప్పుడు ఎండ ఒళ్ళో పడుతూ ఉండేదట. అంటే రెండూ దాటామన్నమాట. ఇంతకాలం నా మనసులో ఒకే వంతెన ఉంది. ఆమె మరొకటి కూడా చెప్పింది. ఆ చిల్లర ఆమె ముందురోజు రాత్రే లెక్కపెట్టి ముడి వేసుకొనేదట, ఎందుకంటే దూలానికి తగిలినప్పుడు ఇవ్వడానికి అదనంగా ఎన్ని కావాలో ప్రతి ఏడూ తేలేది కాదట. టికెట్టు డబ్బుల తరువాత ఆ ఇంటిలో మిగిలే చిల్లర ఎంతో నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు ఇంకొకటి, ఇంకొకటి అని అడిగేదాన్ని.

వశిష్ఠ గట్టు గారూ, మీరు చెప్పిన రోజే అమ్మాయిని అడిగాను. రూపాయి దాని పెన్సిలు డబ్బాలో ఉంది. ఖర్చుపెట్టకుండా ఎందుకు దాచావంటే, "అది నది డబ్బులు కదా" అంది. ఆరోజు ఏమి గుర్తుందని అడిగితే నదిని గురించి ఏమీ చెప్పలేదు. నేను పర్సులో చిల్లర వెతుకుతున్నప్పుడు నా పెదవులు కదులుతున్నాయని, ఎవరితో మాట్లాడుతున్నానో దానికి అర్థం కాలేదని చెప్పింది. నేను మా అమ్మ మాటలు నాలో నేను అనుకుంటున్నానని నాకే తెలియదు.

ఈ సంక్రాంతికి పుట్టింటికి వెళుతున్నాము. నిడదవోలు నుంచి రాజమండ్రికి, కిటికీ తెరుచుకొనే మామూలు పెట్టెలో, అమ్మను కూడా తీసుకొని వెళ్ళాలని నిర్ణయించాము. పాత పుస్తకాల అర గారి మాట ప్రకారం ఆ సాయంత్రమే మీ అందరికీ రాస్తాను. అమ్మాయి ఇప్పటికే రెండు ప్రశ్నలు సిద్ధం చేసుకుంది. విల్లులు లెక్కపెడుతూ నాణెం ఎలా వెయ్యాలి అన్నది ఒకటి. అమ్మమ్మకు కనబడదు కాబట్టి లెక్క పైకి గట్టిగా చెప్పవచ్చా అన్నది రెండవది.